పీపీఏసీ చమురు, గ్యాస్ లెక్కలు: ఇచ్ఛాపురం నుంచి చూస్తే

పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి ఒడిశాలో అడుగుపెట్టగానే బంకు బోర్డు మీద పెట్రోల్ ధర ఏడెనిమిది రూపాయలు దిగిపోతుంది. 2021 నవంబరులో ఒడిశా వ్యాట్ తగ్గించినప్పటి నుంచి ఇదే వరస. ఎందుకని అడిగితే ఇచ్ఛాపురంలో ప్రతి లారీ యజమానీ ఒక కారణం చెప్తాడు. అందులో సగం టీకొట్టు లెక్క. అసలు లెక్క పైసా ఖర్చు లేకుండా దొరికే చోటు ఒకటుంది. అదే పెట్రోలియం ప్లానింగ్ అండ్ అనాలిసిస్ సెల్, పొట్టిగా పీపీఏసీ. కేంద్ర పెట్రోలియం శాఖ కింద ఢిల్లీలో పనిచేసే కార్యాలయం. ప్రభుత్వమే ధరలు కట్టే పాత పద్ధతి పోయి, ఆయిల్ కోఆర్డినేషన్ కమిటీ రద్దయ్యాక 2002 ఏప్రిల్ 1న మొదలైంది. దేశంలో ఎంత చమురు తీశారు, ఎంత దిగుమతి చేసుకున్నారు, ఎంత వాడారు, ఎంతకి కొన్నారు అన్నవి నెలనెలా తన సైటులో పెడుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లారీలు తిప్పేవాళ్ళు, టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల వాళ్ళు, బంకు డీలర్లు, పోటీ పరీక్షల పిల్లలు, జిల్లా విలేకరులు వాడుకోదగ్గ సేవ ఇది. మా తీర్పు ముందే చెప్పేస్తాం. అంకెల నాణ్యతకి పదికి ఎనిమిది. వాటిని మామూలు మనిషికి అర్థమయ్యేలా పెట్టడంలో నాలుగు. జిల్లా స్థాయి సమాచారానికి సున్నా, ఎందుకంటే అది అసలు లేదు.

సైటు ఇప్పటి చిరునామా పీపీఏసీ డాట్ గవ్ డాట్ ఇన్. పాత వ్యాసాల్లో డాట్ ఆర్గ్ డాట్ ఇన్ అని కనపడుతుంది, అది వదిలేయండి. సైటు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది, తెలుగు లేదు. లోపల ఉత్పత్తి, వినియోగం, ఎగుమతి దిగుమతులు, ధరలు, సహజవాయువు అని విడివిడి విభాగాలు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇవన్నీ తిరగక్కర్లేదు. నెలకొకసారి వచ్చే ‘స్నాప్‌షాట్’ అనే పీడీఎఫ్ ఒక్కటి దించుకుంటే చాలు, ముఖ్యమైన పట్టికలన్నీ అందులోనే ఉంటాయి. ఏళ్ళ తరబడి వరస కావాలనుకుంటే ‘రెడీ రెకనర్’ దించుకోండి. కొలతల మార్పిడి పట్టిక కూడా అందులోనే ఉంటుంది. అది లేకపోతే మిగతావన్నీ ఉండీ లాభం లేదు.

ఎందుకంటే తడబాటంతా కొలతల దగ్గరే. బంకులో మనం కొనేది లీటరు, పీపీఏసీ చెప్పేది టన్ను. అదీ వట్టి టన్ను కాదు. పట్టిక పైన మూలన టీఎంటీ అని ఉంటే వెయ్యి టన్నులు, ఎంఎంటీ అని ఉంటే పది లక్షల టన్నులు. ఈ రెండూ కలిపేసి వెయ్యి రెట్లు తప్పు రాసిన వార్తలు తక్కువేం కాదు. మార్పిడికి గుర్తుంచుకోవాల్సినవి ఇవి: టన్ను పెట్రోల్ అంటే 1,411 లీటర్లు, టన్ను డీజిల్ అంటే 1,210 లీటర్లు. డీజిల్ బరువైనది కనక టన్నుకి తక్కువ లీటర్లు వస్తాయి. టన్ను ముడిచమురు సుమారు 7.33 పీపాలు, పీపా అంటే 158.987 లీటర్లు. ఈ లెక్కన టీఎంటీ డీజిల్ 12 లక్షల 10 వేల లీటర్లు, అంటే 20 వేల లీటర్ల ట్యాంకర్లు అరవై. వంటగ్యాస్ అయితే టీఎంటీకి 14.2 కిలోల బండలు 70 వేల పైచిలుకు. ఏడాదికి ఒక ఎంఎంటీ ముడిచమురు అని ఉంటే రోజుకి ఇరవై వేల పీపాలు అనుకోండి. విదేశీ వార్తల్లో రోజుకి ఇన్ని పీపాలు అని రాస్తారు కాబట్టి పోల్చుకోడానికి ఇది పనికొస్తుంది.

ఒక ఉదాహరణ. 2024-25లో దేశం మొత్తం వాడిన డీజిల్ సుమారు 91.4 ఎంఎంటీ. 1,210తో హెచ్చిస్తే 11 వేల కోట్ల లీటర్లు దాటింది, రోజుకి 30 కోట్ల లీటర్లు. పెట్రోల్ 40 ఎంఎంటీ, అంటే సుమారు 5,640 కోట్ల లీటర్లు. టన్నుల్లో చూస్తే పెట్రోల్ డీజిల్‌లో 44 శాతం, లీటర్లలో చూస్తే 51 శాతం. ఒకే పట్టిక, రెండు జవాబులు. పెట్రోల్ బళ్ళ జోరు గురించి రాసేవాళ్ళు ఏ కొలతలో పోలుస్తున్నారో చెప్పాలి. పెట్రోల్ అంకెలో అందులో కలిపిన ఇథనాల్ కూడా ఉంటుందని మరిచిపోకూడదు. ఇథనాల్ సరఫరా ఏడాది నవంబరు నుంచి అక్టోబరు దాకా, పీపీఏసీ మిగతా పట్టికలు మాత్రం ఏప్రిల్ నుంచి మార్చి దాకా. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి భాగహారం చేస్తే వచ్చే శాతానికి అర్థం లేదు.

ఇక ‘వినియోగం’ అన్న మాట. ఈ సైటులో ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. పీపీఏసీ వినియోగం అంటే మీ ట్యాంకులో కాలిన నూనె కాదు. కంపెనీలు అమ్మింది, దానికి ప్రైవేటు సంస్థలు సొంతానికి దిగుమతి చేసుకున్నది కలిపిన లెక్క. టెర్మినల్ నుంచి ట్యాంకర్ కదిలి బంకు గోతిలో పడితే అది అమ్మకం అయిపోయినట్టే, మీరు పోయించుకున్నా పోయించుకోకపోయినా. రిఫైనరీలు తమ పొయ్యిల్లో కాల్చుకున్న ఇంధనం ఇందులో రాదు. దీని ఫలితం ఏమిటంటే, ధర పెరుగుతుందన్న గాలి వీచగానే డీలర్లు, పెద్ద వాడకందార్లు నిల్వ చేసుకుంటారు, ఆ నెల వినియోగం ఉబ్బుతుంది, మరుసటి నెల చప్పబడుతుంది. 2022 మార్చిలో జరిగింది అదే. ఎన్నికలయ్యాక ధరలు పెంచుతారని అందరికీ తెలుసు. పైగా టోకు కొనుగోలుదార్లకి డీజిల్ లీటరుకి పాతిక రూపాయల దాకా ఒక్కసారి పెరగడంతో, డిపోలో పోయించుకునే బస్సులు కొన్ని రాష్ట్రాల్లో మామూలు బంకులకి వచ్చి లైను కట్టాయి. ఆ నెల చిల్లర అమ్మకం చూసి రవాణా ఊపందుకుంది అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇంకో చిక్కు, వార్తల్లో ప్రతి నెలా 1న, 16న వచ్చే ‘డీజిల్ అమ్మకాలు ఇంత శాతం’ అన్న అంకె పీపీఏసీది కాదు. అది ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం మూడింటి తొలి అంచనా మాత్రమే. మార్కెట్లో తొంభై శాతం వాటిదే గానీ మిగతా పది శాతం ఎటు కదిలితే మొత్తం అటు ఒరుగుతుంది. ప్రైవేటు బంకులు ధర తగ్గించి అమ్మిన నెలల్లో ఈ మూడింటి అమ్మకం పడిపోయినట్టు కనపడుతుంది, దేశం వాడకం పెరుగుతూనే ఉంటుంది. మొత్తం కావాలంటే పీపీఏసీ నెలవారీ పట్టిక దాకా ఆగాల్సిందే.

ఆ పట్టికలోనూ అంకె పక్కన ‘పి’ అని ఉందేమో చూడాలి. తాత్కాలికం అని అర్థం. 2023-24 మొత్తం వినియోగం మొదట 233.3 ఎంఎంటీ అని వచ్చింది, తర్వాత 234.3 అయింది. పది లక్షల టన్నుల తేడా అది. తప్పు చేశారని కాదు, ప్రైవేటు దిగుమతుల లెక్కలు ఆలస్యంగా చేరతాయి. కాబట్టి పోయినేడాది దించుకున్న ఫైలులో అంకెనీ, ఈ నెల ఫైలులో అంకెనీ కలిపి పెరుగుదల లెక్కకట్టొద్దు. రెండు సంవత్సరాలూ ఒకే ఫైలులోంచి తీసుకోండి. దించుకున్న ఫైలు పేరులో తేదీ రాసుకోవడం చిన్న పనే, చాలా గొడవలు తప్పుతాయి.

పెరుగుదల శాతాల గురించి రెండు ముక్కలు. 2024 ఫిబ్రవరికి 29 రోజులు, 2025 ఫిబ్రవరికి 28. ఏమీ మారకపోయినా 3.4 శాతం తగ్గుదల కనపడుతుంది, నెల మొత్తాన్ని రోజులతో భాగిస్తే నిజం బయటపడుతుంది. లాక్‌డౌన్ నాటి 2020 ఏప్రిల్‌లో వినియోగం అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు సగానికి పడింది, అందుకని 2021 ఏప్రిల్ పెరుగుదల ఆకాశాన్నంటింది. ఇక జులై నుంచి సెప్టెంబరు దాకా డీజిల్ తగ్గడం ఏటా ఉండేదే. వానలకి పొలం మోటార్లు ఆగుతాయి, రోడ్డు పనులు, క్వారీలు మందగిస్తాయి. డీజిల్‌ని ముందు నెలతో కాక పోయినేడు అదే నెలతో పోల్చాలి.

ఉత్పత్తి విభాగం బాగుంది, చెప్పే కబురే బాగోలేదు. దేశంలో తీసే ముడిచమురు 2011-12లో 38.1 ఎంఎంటీ, 2024-25లో సుమారు 28.7. ముంబై హై లాంటి పాత క్షేత్రాలు అడుగంటుతుంటే కొత్తవి ఆ లోటు పూడ్చలేకపోతున్నాయి. మన కృష్ణా-గోదావరి తీరంలో ఓఎన్‌జీసీ లోతు సముద్రపు క్షేత్రం 98/2 నుంచి 2024 జనవరిలో తొలి చమురు వచ్చింది, అయినా మొత్తం గీత కిందికే ఉంది. ఆంధ్రప్రదేశ్ వరస చూసి అదేదో మన వైపు అనుకోకండి, అదంతా గోదావరి, కృష్ణా జిల్లాల సంగతి. రిఫైనరీల పట్టికలో విశాఖ హెచ్‌పీసీఎల్ 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నుల సామర్థ్యానికి విస్తరించడం కనపడుతుంది. అదే పట్టికలో కోనసీమ తాటిపాక చిట్టి రిఫైనరీ కూడా ఉంది, ఏడాదికి 70 వేల టన్నుల లోపు. విశాఖ పక్కన పెడితే ఏనుగు పక్క ఎలుకపిల్ల.

దిగుమతి మీద ఎంత ఆధారపడుతున్నాం అన్న అంకె పోటీ పరీక్షల్లో తరచూ వస్తుంది. 2024-25కి పీపీఏసీ చెప్పింది 88.2 శాతం. కొందరు సొంతంగా లెక్కేసి, దిగుమతి చేసుకున్న ముడిచమురు 243 ఎంఎంటీ, దేశంలో తీసింది 28.7, కాబట్టి 89.4 శాతం అని, పీపీఏసీ తప్పు అంటారు. తప్పు కాదు, హారం వేరు. పీపీఏసీ భాగించేది దేశీయ వినియోగంతో. 239 ఎంఎంటీ వినియోగంలో మన సొంత చమురు, గ్యాస్ నుంచి వచ్చిన సరుకు ఎంత అని చూసి, మిగిలినదాన్ని దిగుమతి ఆధారం అంటుంది. దిగుమతి చేసుకున్న ముడిచమురులో కొంత శుద్ధయి పెట్రోల్, డీజిల్‌గా మళ్ళీ ఎగుమతి అయిపోతుంది కాబట్టి ఈ పద్ధతే సబబు.

ధరల విభాగమే అందరూ వెతికేది, అందరూ తిట్టుకునేదీ. ముందు ‘ఇండియన్ బాస్కెట్’. ఇది నిజంగా దొరికే చమురు పేరు కాదు. మన రిఫైనరీలు వాడే గంధకం ఎక్కువ రకానికి ఒమన్, దుబాయ్ ధరల సగటు, తక్కువ రకానికి బ్రెంట్ ధర తీసుకుని, ముప్పాతిక పైచిలుకు మొదటిది, మిగతాది రెండోది కలిపి కట్టిన సగటు. 2011-12లో పీపా 111.89 డాలర్లు, 2015-16లో 46.17, 2020-21లో 44.82, 2022-23లో 93.15, 2024-25లో 78.56. ఏడాది సగటే ఇది. నెలల్లో చూస్తే 2020 ఏప్రిల్‌లో 19.90, 2022 జూన్‌లో 116.01.

పీపా 20 డాలర్లకి పడినప్పుడు బంకులో ఎందుకు తగ్గలేదు? జవాబు ఇదే సైటులో ఇంకో పట్టికలో ఉంది: ఢిల్లీ ధర కూర్పు. డీలరుకి కంపెనీ వేసే ధర, ఎక్సైజు, డీలరు కమీషను, వ్యాట్ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. 2020 మేలో ఎక్సైజు పెట్రోల్‌కి 10, డీజిల్‌కి 13 రూపాయలు పెంచారు, అంటే తగ్గాల్సింది పన్నులోకి పోయింది. తర్వాత 2021 నవంబరులో పెట్రోల్‌కి 5, డీజిల్‌కి 10, 2022 మేలో 8, 6 తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో చెరో 2 పెంచినా బంకు ధర కదల్లేదు, కంపెనీలే భరించాయి. ఈ కూర్పు పట్టికలు తేదీల వారీగా పక్కపక్కన పెట్టుకుంటే వాదనలు చాలా తగ్గుతాయి.

సొంత లెక్కల్లో జరిగే పొరపాటు ఇంకొకటి. 78.56 డాలర్లు, డాలరు 84.50 అనుకుంటే పీపా 6,638 రూపాయలు, 158.987తో భాగిస్తే లీటరు ముడిచమురు సుమారు 42 రూపాయలు. ఇంతవరకు సరే. దాన్ని బంకు ధరలోంచి తీసేసి మిగిలిందంతా దోపిడీ అనడం సరికాదు. మన డీలరు ధరకి మూలం ముడిచమురు కాదు, శుద్ధిచేసిన పెట్రోల్, డీజిల్‌కి అంతర్జాతీయ మార్కెట్లో ఉన్న ధర. ముడిచమురు నిలకడగా ఉండి డీజిల్ ఒక్కటే మండిపోయిన నెలలు ఉన్నాయి. బాస్కెట్‌తో పాటు ఉత్పత్తుల అంతర్జాతీయ ధర కూడా చూడాలి.

ఇప్పుడు ఇచ్ఛాపురం లెక్క. సైటులో రాష్ట్రాలవారీ వ్యాట్ పట్టిక ఉంది, మన వైపు వాళ్ళకి అన్నిటికన్నా పనికొచ్చే పేజీ అదే. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్డు సెస్సు రూపాయి, ఆ సెస్సు మీద మళ్ళీ వ్యాట్. డీజిల్‌కి 22.25 శాతం, మిగతావి అవే. ఒడిశాలో పెట్రోల్‌కి 28 శాతం, డీజిల్‌కి 24 శాతం, అంతే. వ్యాట్‌కి ముందు ధర రెండు చోట్లా 75 రూపాయలు అనుకోండి. మన దగ్గర పెట్రోల్ పన్ను 23.25, 4, 1, 0.31 కలిపి 28.56. ఒడిశాలో 21. తేడా 7.56. డీజిల్‌కి మన దగ్గర 21.91, అక్కడ 18. తేడా 3.91. గమనించండి, డీజిల్ మీద శాతం మనదే తక్కువ, అయినా ఆ 4 రూపాయలు, సెస్సు కలిసి తక్కెడని తిప్పేశాయి. వట్టి శాతాలు పోల్చి ‘డీజిల్ వ్యాట్ ఒడిశాలోనే ఎక్కువ’ అని రాసేవాళ్ళు ఆ గడిలో మిగతా సగం చదవలేదన్నమాట. పట్టికలో రేటు ఏ తేదీ నాటిదో కింద రాసి ఉంటుంది, లెక్కకి ముందు అది చూడండి. పాతపట్నం నుంచి పర్లాకిమిడి వెళ్ళేవాళ్ళకీ ఇదే సూత్రం.

లోటు ఎక్కడంటే, బంకు ధరలు ప్రధానంగా నాలుగు మహానగరాలవే. శ్రీకాకుళం, విజయనగరం ధర అందులో దొరకదు. విశాఖ టెర్మినల్ నుంచి దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు చేరి సోంపేట, ఇచ్ఛాపురంలో ధర కాస్త ఎక్కువ ఉంటుంది, అది కావాలంటే కంపెనీల ఆప్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో చూసుకోవాలి. రోజువారీ ధర మార్పుని 2017 మే 1న ప్రయోగంగా మొదలుపెట్టిన అయిదు ఊళ్ళలో విశాఖ ఒకటి. దేశమంతా జూన్ 16 నుంచి వచ్చింది. ఆ నెలన్నర విశాఖ ధరనీ మన జిల్లాల ధరనీ ఒకే కొలబద్దతో పోల్చకూడదు.

వంటగ్యాస్ ధరలోనూ ఢిల్లీయే కొలమానం. 14.2 కిలోల బండ 2023 ఆగస్టు చివర 1,103 నుంచి 903కి, 2024 మార్చిలో 803కి దిగి, 2025 ఏప్రిల్‌లో 853కి ఎక్కింది. ఉజ్జ్వల సబ్సిడీ ఈ అంకెలో ఉండదు, అది బ్యాంకు ఖాతాలో పడుతుంది. రాష్ట్రం ఇచ్చే ఏడాదికి మూడు ఉచిత బండల దీపం-2 పథకమూ అంతే. 2024 నవంబరు 1న మన ఈదుపురంలోనే మొదలైన ఆ పథకం బండ ధర పట్టికలో ఎక్కడా కనపడదు. దాని ప్రభావం చూడాలంటే రాష్ట్రాలవారీ అమ్మకాల వైపు వెళ్ళాలి.

అక్కడ మళ్ళీ రెండు గోతులు. 2014 జూన్ 2కి ముందు ‘ఆంధ్రప్రదేశ్’ అంటే తెలంగాణ కూడా కలిసింది, గీత ఒక్కసారి కూలినట్టుంటే కంగారుపడొద్దు. రెండోది, జిల్లా వాటా కోసం రాష్ట్ర అంకెని జనాభాతో పంచేయడం. విశాఖలో పరిశ్రమలు, ఓడరేవు తాగే డీజిల్‌నీ శ్రీకాకుళం పల్లెనీ ఒకే గాటన కట్టినట్టవుతుంది. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వేసే జిల్లా గణాంకాల పుస్తకం నుంచి వాహనాలు, గ్యాస్ కనెక్షన్లు తీసుకుని వాటితో పంచితే కాస్త దగ్గరగా వస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి పోయాయి. పాత శ్రీకాకుళం అంకె పక్కన కొత్తది పెట్టే ముందు మండలాలు సరిచూసుకోవాలి.

సహజవాయువు పట్టికలు చదవడం కాస్త కష్టం, కానీ ఓపిక పడితే ఫలితం ఉంది. ఉత్పత్తిని ఏడాదికి బీసీఎంలో, అంటే వంద కోట్ల ఘనమీటర్లలో, వాడకాన్ని రోజుకి ఎంఎంఎస్‌సీఎండీలో, అంటే పది లక్షల ఘనమీటర్లలో చెప్తారు. ఏడాదికి ఒక బీసీఎం అంటే 2.74 ఎంఎంఎస్‌సీఎండీ. దేశంలో తీసేది ఏడాదికి 36 బీసీఎం చుట్టూ. స్థూల ఉత్పత్తి, నికర ఉత్పత్తి అని రెండు వరసలుంటాయి. మంటపెట్టింది, వృథాగా పోయింది తీసేస్తే నికరం. ధర ఎంఎంబీటీయూకి, అంటే గ్యాస్ ఇచ్చే వేడిని కొలిచే కొలతకి, డాలర్లలో. 2023 ఏప్రిల్ నుంచి ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా పాత క్షేత్రాల గ్యాస్‌కి బాస్కెట్‌లో 10 శాతం, కనీసం 4, గరిష్ఠం 6.50, ఆ గరిష్ఠం 2025-26లో 6.75. ఆ ఏడాది బాస్కెట్ 70 ఉంటే పది శాతం 7 అవుతుంది, కానీ అందింది 6.75 మాత్రమే. ఎంఎంబీటీయూకి సుమారు 25.2 ఘనమీటర్లు, డాలరు 85 అనుకుంటే ఘనమీటరు 22 రూపాయల 80 పైసలు. లోతు సముద్రపు గ్యాస్‌కి వేరే పరిమితి, ఆరు నెలలకొకసారి మారుతుంది, చాలా ఎక్కువ. ‘గ్యాస్ ధర’ అని ఒకే అంకె రాసిన వార్త చూస్తే ఏ గ్యాస్ అని అడగండి.

శ్రీకాకుళం అన్న పేరు ఈ విభాగంలో కనపడేది పైపులైన్ల దగ్గర. కాకినాడ నుంచి శ్రీకాకుళం ఒకటి, శ్రీకాకుళం నుంచి ఒడిశాలోని అంగుల్‌కి గెయిల్‌ది ఇంకొకటి. ఆ పట్టికలో అనుమతించిన పొడవు, పనిచేస్తున్న పొడవు వేర్వేరు గడుల్లో ఉంటాయి. చూడాల్సింది రెండో గడి.